మరిగే నీళ్ళు, ఐదు నిమిషాలు

టీ కంపెనీ, మేడ మీది రుచి గది
సోమవారం

గడుగ్గాయీ,

మీ మామయ్య ఆశీస్సులు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా పార్శిల్లో పొట్లాలు విప్పకు. నీ సంగతి నాకు తెలుసు, ఈపాటికి రెండు విప్పేసి ఉంటావు. సరే, వాటిని పక్కన పెట్టి ముందు ఇది చదువు.

నాకు చేదు తెలియడం లేదు.

రెండు నెలల కిందట జ్వరం వచ్చింది కదా, అది పోతూ పోతూ చేదుని పట్టుకుపోయింది. తీపి తెలుస్తోంది, ఉప్పు తెలుస్తోంది, పులుపు తగిలితే కన్ను దానంతటదే మూసుకుంటోంది. చేదు ఒక్కటే లేదు. ఎలా బయటపడిందంటే, జ్వరం బిళ్ళ నోట్లో వేసుకుని నీళ్ళ గ్లాసు కోసం వెతుకుతూ బిళ్ళ సంగతే మర్చిపోయాను. అది నాలుక మీదే కరిగిపోయింది. మీ అత్తయ్య చూసి, "అదేంటండీ, మొహం కూడా చిట్లించలేదు!" అంది. నవ్వేసి ఊరుకున్నాను. అప్పటినుంచి రోజూ పొద్దున పళ్ళు తోముకున్నాక బిళ్ళ ముక్క ఒకటి నాలుక మీద పెట్టుకుని అద్దం ముందు నిలబడుతున్నాను.

మా గదిలో నలుగురం. మిగతా ముగ్గురూ మామూలు టీ చూస్తారు. గ్రీన్ టీ చూసేది నేనొక్కణ్ణే. వచ్చిన ప్రతి సరుకుకీ చేదు ఎంతుందో సున్నా నుంచి ఐదు దాకా మార్కు వేసి, రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. మూడు దాటితే సరుకు వెనక్కి పోతుంది. ఈ రెండు నెలలూ రంగు చూసి, వాసన చూసి ఎలాగో నెట్టుకొచ్చాను. ఇక నావల్ల కావడం లేదు. సంతకం దగ్గరికి వచ్చేసరికి కలం ఆపేస్తున్నాను.

జ్వరం వచ్చిన ఆరు నెలల్లోపు తిరిగి రావచ్చు అన్నాడు డాక్టరు. రావచ్చు అన్నాడు, వస్తుంది అనలేదు. ఈ సంగతి మా గది పెద్దాయన చెవిన పడితే రేపే నా కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడతాడు. ముప్పై ఏళ్ళు చేశానే పిల్లా ఈ పని. నాలుక తప్ప నాకు వేరే చదువు లేదు.

అందుకని ఆ గడువు తీరేదాకా నీ నాలుక నాకు అరువివ్వు. చిన్నప్పుడు మందులో ఎంత చక్కెర కలిపినా కనిపెట్టి ఇల్లు పీకి పందిరేసేదానివి. నీకంటే గట్టి నాలుక మన ఇంట్లో ఇంకెవరికీ లేదు.

పద్ధతి ఇదీ. ఒక్కో పొట్లంలో రెండేసి గ్రాముల చొప్పున మూడు మోతాదులు కట్టాను. ఒక మోతాదు ఆకు, కప్పు నిండా మరిగే నీళ్ళు, ఐదు నిమిషాలు. గడియారం చూసుకో. చక్కెర లేదు, తేనె లేదు, పక్కన బిస్కెట్టు లేదు. వడగట్టి, కాస్త ఆరాక చెంచాతో సర్రుమని చప్పుడయ్యేలా పీల్చు. సిగ్గుపడకు. పొట్లం మీది నంబరు, దాని ఎదురుగా నీ మార్కు రాసి పంపు, చాలు.

ఫోన్ మాత్రం చెయ్యకు. ఇక్కడ నేను గుసగుసలాడినా మూడు జతల చెవులు లేస్తాయి. మీ అమ్మకి అసలు చెప్పకు. మా అక్కకి చెబితే చుట్టాలందరికీ టముకు వేసినట్టే.

మామయ్య


కళ్ళజోళ్ళ షాపు
శుక్రవారం, భోజనాల వేళ

మామయ్యా,

నీకో దండం, నీ టీకి రెండు దండాలు.

నీ ఉత్తరం షాపులోనే చదివాను, షాపులోనే ఏడ్చాను. కళ్ళజోళ్ళ షాపులో ఏడిస్తే ఒక సుఖం ఉంది, కళ్ళలో చుక్కలు వేశారు కాబోలు అనుకుని ఎవరూ పట్టించుకోరు. ఇన్నాళ్ళు ఒక్కడివే ఎలా దాచుకున్నావు?

ఇంటికెళ్ళి ఆరు కప్పులు వరసగా పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన వచ్చి, "ఎవరైనా వస్తున్నారా?" అన్నాడు. నేను చెంచాతో సర్రుమని పీల్చాను. మనిషి పక్క గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

మార్కులు వెనక కాగితం మీద ఉన్నాయి. ఐదో నంబరుకి నాలుగు, ఆరో దానికి మూడున్నర. మూడో నంబరుకి మాత్రం ఐదు చాలదు, తొమ్మిది వెయ్యాలి. నాలుక ఎండిపోయి, చిగుళ్ళు పట్టేసి, మాట కూడా సరిగా రాలేదు. ఇలాంటి దాన్ని జనం ఏరి కోరి కొనుక్కుని ఎలా తాగుతున్నారు మామయ్యా? వాళ్ళకి కూడా జ్వరాలు వచ్చాయా?

నీ గడుగ్గాయి


రుచి గది
బుధవారం

గడుగ్గాయీ,

నీ మార్కులు రిజిస్టర్లో ఎక్కించి సంతకం పెట్టాను. రెండు నెలల తర్వాత మొదటిసారి కలం ఆపకుండా పెట్టాను.

మూడో నంబరు సంగతి. నాలుక ఎండి, చిగుళ్ళు పట్టేశాయని రాశావు. అది చేదు కాదు, వగరు. వగరు నాకూ తెలుస్తోంది, అదొక్కటే అదృష్టం. చేదు వేరు. అది నాలుక వెనక, గొంతు మొదట్లో కూర్చుంటుంది. నీళ్ళు తాగినా ఒక పట్టాన కదలదు. రెండూ కలిపేసి మార్కు వెయ్యకు. మూడోది మళ్ళీ కాచి, ఒక్క చేదుకే మార్కు వేసి పంపు.

ఇక నీ ప్రశ్న. మరిగే నీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఉంచేది తాగడానికి కాదే, తప్పు పట్టడానికి. ఆకులో ఉన్న లోపమంతా కక్కించాలి. ఇంట్లో తాగేవాళ్ళు గడియారం చూడరు. కప్పులో ఆకు వేసి ఎవరితోనో మాటల్లో పడతారు. అలా మర్చిపోయిన కప్పు కూడా నోట్లో పెట్టుకునేలా ఉంటేనే ఆకు మంచిదని మా లెక్క.

నువ్వు తాగాలంటే దారి వేరు. నీళ్ళు మరిగాక పొయ్యి ఆపెయ్యి. ఆ నీళ్ళు ఒక కప్పులో పోసి, అందులోంచి ఇంకో కప్పులోకి వంచు. ఆ కప్పుని రెండు చేతులా పట్టుకుని పది లెక్కపెట్టగలిగితే నీళ్ళు కుదిరినట్టు. అప్పుడు ఆకు వెయ్యి. నిమిషంన్నర, అంతే. వడగట్టేటప్పుడు ఆకుని చెంచాతో నొక్కకు, నొక్కావంటే ఉన్న చేదంతా దిగుతుంది. అదే ఆకు మీద రెండోసారి నీళ్ళు పొయ్యి. మొదటిదానికంటే అదే బాగుందంటావు.

ఆరింటిలో రెండు వెనక్కి పంపాను. ఐదో నంబరు పండించిన ఆవిడ మా మెట్ల మీద గంటసేపు కూర్చుంది. "ఏం లోపమండీ?" అంది. "చేదు" అన్నాను. ఆ మాట నా నోటితో నేను అంటుంటే నాకే సిగ్గేసింది. ఆవిడ సంచిలోంచి ఆకు తీసి నమిలి, "నాకు తెలియడం లేదే!" అంది. రెండు రోజులైంది, ఆ మొహం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు వెళ్ళాలో తెలియదు. కిటికీ నుంచి తలుపు దాకా, తలుపు నుంచి కిటికీ దాకా తిరుగుతున్నాను. పక్క బల్ల ఆయన, "మీ కాళ్ళకి చక్రాలున్నాయా?" అన్నాడు.

ఇంకో ఎనిమిది పంపుతున్నాను. త్వరగా రాయి.

మామయ్య


ఇంటి నుంచి
ఆదివారం

మామయ్యా,

నీ రెండు కప్పుల పద్ధతి అద్భుతం! లేత గడ్డి వాసన, చివర్లో కాస్త తీపి. మా ఆయన తలుపు తీసుకుని బయటికొచ్చి తాగి, ఇంకో కప్పు ఉందా అని అడిగాడు. ఫ్లాస్కులో పోసుకెళ్ళి మా ఓనరమ్మకి ఇస్తే, "ఇన్నాళ్ళూ మేం తాగిందేమిటి మరి?" అంది. మా మామయ్య నేర్పాడని గొప్పలు పోయాను.

మూడో నంబరు మళ్ళీ చూశాను, ఒక్క చేదుకే అయితే రెండు. ఇక కొత్త పొట్లాలు. ఎనిమిదికి ఎనిమిదీ బాగున్నాయి మామయ్యా. అన్నీ సున్నాలూ ఒకట్లే. పన్నెండో నంబరుకి ఒకటిన్నర వేశాను, అది కూడా మొహమాటానికి. ఒక్కటి కూడా వెనక్కి పంపే పని లేదు. మెట్ల మీద ఎవరూ కూర్చోనక్కర్లేదు. నువ్వు మాత్రం తిరగడం మానేసి కాస్త కూర్చో.

అంత చేదు ఇంతలో ఎలా పోయిందని గుచ్చి గుచ్చి అడగకు. బాగున్నదాన్ని బాగుందనే రాయాలి కదా.

నీ గడుగ్గాయి


రుచి గది
నెలాఖరు, గురువారం

గడుగ్గాయీ,

ఆ మొదటి ఆరు పొట్లాల తర్వాత, ఈ నెలన్నరలో మూడు పార్శిళ్ళు, ఇరవై రెండు పొట్లాలు. ఒక్కటీ వెనక్కి పోలేదు. పెద్దాయన నా భుజం తట్టి, "ఈ ఏడు ఆకు భలే పండిందయ్యా" అన్నాడు. ఐదో నంబరు ఆవిడ కొత్త సరుకు కూడా పాసైంది. కింద కనబడి నవ్వింది.

అంతా బాగానే ఉంది. మరి నాకెందుకు కుదురుగా లేదు? ఇన్నేళ్ళలో వరసగా ఇరవై రెండు మంచివి రావడం నేను చూడలేదు. వానలు సమయానికి పడ్డాయి, ఆకు లేతగా ఉంది అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. సగం రాసిన కాగితాలు రెండు చింపేసి ఇది రాస్తున్నాను. నీకు జలుబేమీ చెయ్యలేదు కదా? నోరు బాగానే ఉందా? మీ అత్తయ్య అన్నానికి పిలుస్తుంటే వినిపించుకోవడం లేదని గొడవ చేస్తోంది.

బిళ్ళ ముక్క ఇవాళ కూడా పెట్టుకున్నాను. సుద్దముక్కలాగే ఉంది.

మామయ్య


రుచి గది
మంగళవారం, పొద్దున్నే

నీ జవాబు కోసం ఆగలేక రాస్తున్నాను.

మనం పాస్ చేసిన సరుకంతా కలిపి, డబ్బాల్లో కట్టి హోటళ్ళకి పంపారు. మొత్తం వెనక్కి వచ్చింది. గొంతు దిగడం లేదన్నారట. నిన్న మా గదిలో మిగతా ముగ్గురూ పీల్చి చూసి మొహాలు మాడ్చుకున్నారు. నేనూ పీల్చాను. వాళ్ళ మొహాలు చూసి, నా మొహం కూడా అలాగే మాడ్చాను.

పెద్దాయన రిజిస్టర్ తెప్పించాడు. నా చేతిరాతలో పేజీల నిండా సున్నాలూ ఒకట్లూ. "ఈయన చూసినప్పుడు ఆకు బాగుంది. కాబట్టి తర్వాతే చెడింది" అని తేల్చేశాడు. నేను చూశాక ఆకు మీద చెయ్యి పడేది ఒక్కడిదే, డ్రయ్యర్ మేస్త్రిది. డబ్బాల్లో కట్టే ముందు ఆకుని ఇంకోసారి ఆరబెట్టేది అతనే. వేడి ఎక్కువ చేసి మాడ్చేశాడని నింద వేశారు. వచ్చే వారం శనివారం అతన్ని తీసేస్తున్నారు.

మేస్త్రి సాయంత్రం నా దగ్గరికి వచ్చాడు. కొట్లాటకి వచ్చాడేమో అనుకున్నాను. "వేడి గీత దాటనివ్వలేదండీ, నాకు బాగా గుర్తు. కానీ బాగుందని మీరు రాశారంటే బాగున్నట్టే. ఎక్కడో నా చెయ్యే తప్పి ఉంటుంది" అన్నాడు. ఇరవై ఏళ్ళ పనివాడు. తన చేతుల్ని కాదని నా నాలుకని నమ్మాడు. నేను ఆ మనిషి కళ్ళలోకి చూడలేకపోయాను.

నిజం రాయి. ఆ పొట్లాలు ఎలా కాచావు?


ఇంటి నుంచి
గురువారం

మామయ్యా,

రెండు కప్పుల్లో చల్లార్చిన నీళ్ళతో కాచాను. నిమిషంన్నర. రెండో పార్శిల్ నుంచి అన్నీ అలాగే.

కావాలని మోసం చెయ్యలేదు. అలా అని తెలియక చేశానని కూడా అనలేను. ఆ రోజు మెట్ల మీద ఆవిడ కూర్చుందని నువ్వు రాసిన ఉత్తరం నా ఎదురుగానే ఉంది. మరిగే నీళ్ళు పోసి మొదటి పొట్లం చూశాను. నాలుగు. ఆ నాలుగు రాసి పంపితే నువ్వు మళ్ళీ కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతావు. కప్పు పారబోసి, అదే పొట్లం నువ్వు నేర్పినట్టు కాచాను. సున్నా! చేదు ఆకుది కాదు, కాచే చేతిది అనిపించింది. చక్కగా కాస్తే చక్కగా ఉండేదాన్ని ఎందుకు వెనక్కి పంపాలి, ఒకరిని ఎందుకు ఏడిపించాలి అనుకున్నాను. నీకు మంచి కబురు రాయాలన్న తొందరలో, మంచి ఆకుని చెడ్డ ఆకునీ ఒకే గాటన కట్టేశాను.

నన్ను తిట్టు. ఆ మేస్త్రికి పిల్లలున్నారా?

గడుగ్గాయి


రుచి గది
శనివారం

నీ ఉత్తరం చదివి చింపేశాను. మళ్ళీ ముక్కలు పేర్చుకుని చదివాను. నమ్మి నా సంతకం నీ చేతిలో పెడితే ఇదా చేసేది? పని వేరు, తాగడం వేరు అని విడమరిచి రాశానే! జాలిపడమని అడిగానా నిన్ను? మార్కు అడిగాను.

సరే, అయిందేదో అయింది. రిజిస్టర్లో రాసింది ఇప్పుడు కొట్టెయ్యడానికి లేదు. మేస్త్రికి ఇంకో కంపెనీలో ఎవరితోనైనా చెప్పి పని ఇప్పిస్తాను. డాక్టరు చెప్పిన గడువుకి ఇంకా రెండు నెలలుంది. నాలుక వచ్చేస్తే అంతా సర్దుకుంటుంది.

ఇందులో నాలుగు పొట్లాలున్నాయి. మరిగే నీళ్ళు, ఐదు నిమిషాలు. ఈసారి ఒట్టేసి కాయి. వెంటనే పంపు, సంతకం కోసం వెంటపడుతున్నారు.


కళ్ళజోళ్ళ షాపు
సోమవారం

మామయ్యా,

నాలుగు పొట్లాలూ విప్పకుండా తిప్పి పంపుతున్నాను. కోపంతో కాదు అని రాయబోయాను. అబద్ధమెందుకు, కోపంతోనే.

ఇవాళ షాపుకి ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. ఇక్కడ చూపు పరీక్ష చేసేది నేనే కదా, చూపు బాగుందని నా సంతకంతో కాగితం కావాలన్నాడు. నేను పుల్ల అక్షరం మీద పెట్టకముందే కింది వరస గడగడా అప్పజెప్పేశాడు. నాకు అనుమానం వచ్చి బోర్డు తిప్పి రెండోవైపు పెట్టాను. పై వరస కూడా చదవలేకపోయాడు. "ఆరు నెలలు ఓపిక పట్టు తల్లీ, రిటైరైపోతాను" అన్నాడు. నువ్వే ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టు అనిపించింది. సంతకం పెట్టలేదు. మా నాన్న వయసు మనిషి, నన్ను నానా మాటలూ అని వెళ్ళాడు. ఊరూ పేరూ తెలియని మనిషికి కుదరదని చెప్పిన దాన్ని, నీకు మాత్రం ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని సాయం చేశాను.

నీళ్ళు నేను తప్పు పోశాను, కాదనడం లేదు. ఆ తప్పు నాదే. కానీ మేస్త్రిని పంపేస్తున్నది నా నీళ్ళు చూసి కాదు, నీ సంతకం చూసి. ఆకు మాడ్చినవాడని పేరుపడ్డాక అతన్ని ఏ కంపెనీ చేర్చుకుంటుంది? ఆ మాట నీకు తెలియక రాశావా?

నీకు నాలుక ఉన్నా లేకపోయినా నువ్వంటే నాకు ప్రాణం. కానీ ఒక మనిషిని బలిపెట్టి కుర్చీ కాపాడుకున్నవాణ్ణి మామయ్యా అని పిలవడానికి నాకు నోరు రాదు. శనివారం ఇంకా ఐదు రోజులుంది.

గడుగ్గాయి


ఇంటి నుంచి
ఆదివారం

గడుగ్గాయీ,

నీ ఉత్తరం మంగళవారం అందింది. మూడు రోజులు నీ మీద మండిపడ్డాను. బుధవారం ఒక జవాబు కూడా రాశాను. అది పోస్టు చెయ్యకపోవడం మంచిదైంది, చదివి ఉంటే నువ్వు నా గడప తొక్కేదానివి కాదు.

నిన్న పెద్దాయన మేస్త్రిని మా గదికి పిలిపించాడు. తీసేసే ముందు అందరి ఎదుటా ఒకసారి చూపించాలన్నాడు. తిరిగొచ్చిన డబ్బాల్లోంచి ఆకు తీసి నాలుగు కప్పులు కాయించాడు. మేస్త్రి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మా పనిలో ఎవరూ మింగరు పిల్లా. గదిలో అందరం కలిసి రోజుకి వంద కప్పులు పైగా చూసేవాళ్ళం, మింగితే బతకం. నోట్లో తిప్పి, పక్కనున్న బకెట్లో ఉమ్మేస్తాం. ముగ్గురూ వరసగా పీల్చారు, మొహాలు ముడుచుకున్నారు, ఉమ్మేశారు. నా వంతు వచ్చింది. మొహం ముడుచుకోవడానికి నేను సిద్ధంగానే ఉన్నాను, అలవాటైపోయింది కదా. కానీ మేస్త్రి నా మొహం కేసే చూస్తున్నాడు. వేరే ఎవర్నీ చూడటం లేదు. తన తప్పేమిటో నా మొహంలోనే కనిపిస్తుందన్నట్టు చూస్తున్నాడు.

నేను చెంచా పక్కన పెట్టి కప్పు ఎత్తాను. మొత్తం తాగేశాను. గుటక గుటకకీ గదిలో చప్పుడు వినిపించింది. అందరూ బిత్తరపోయి చూశారు. "ఏమయ్యా, అదెలా తాగావు? ఎలా ఉంది?" అన్నాడు పెద్దాయన.

"తెలియడం లేదండీ" అన్నాను.

ఆ గదిలో ఆ మాట నేను అనడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఇంక ఆగలేదు. జ్వరం సంగతి, రిజిస్టర్లో మార్కులు నావి కావన్న సంగతి, మేస్త్రి తప్పు ఆవగింజంత కూడా లేదన్న సంగతి, అన్నీ చెప్పేశాను. నీ పేరు ఎత్తలేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. పెద్దాయన లేచి నా ముందున్న చెంచా తీసి, గుడ్డతో తుడిచి, సొరుగులో పెట్టి తాళం వేశాడు.

మెట్లు దిగుతుంటే మేస్త్రి వెనకే వచ్చాడు. తిడతాడనుకున్నాను, తిట్టాలి కూడా. అతను అరచేతులు రెండూ ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "అయితే నా చెయ్యి తప్పలేదన్నమాట" అన్నాడు. నాతో కాదు, తనతో తనే అనుకున్నాడు. అనుకుంటూనే నన్ను దాటుకుని కిందికి వెళ్ళిపోయాడు.

రేపు అతను పనిలోకి వెళ్తాడు. నేను వెళ్ళను.

మామయ్య